ఊరడం వేరు, పులియడం వేరు

ప్రశ్న: మాది విజయవాడ. ఉద్యోగ విరమణ చేసి రెండేళ్లయింది. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. పోయినేడు వాడి దగ్గరికి వెళ్లినప్పుడు పులియబెట్టిన క్యాబేజీ తిన్నాం, మావారికి బాగా నచ్చింది. తిరిగొచ్చాక నేనే చేద్దామని రోహిణి కార్తెలో ఒకసారి, మళ్లీ జూన్ నెలాఖరున ఒకసారి ప్రయత్నించాను. మొదటిసారి మావారికి బీపీ ఉందని ఉప్పు సగానికి తగ్గించి, ఊరగాయకి పోసినట్టు పైన నువ్వులనూనె పోసి, వాసెన కట్టి పెట్టాను. మూడో రోజుకే జిగురు తిరిగి కుళ్లు వాసన కొట్టింది. రెండోసారి ఉప్పు బాగా దట్టించి, ఒక చెంచా పెరుగు తోడు కూడా వేశాను. వారం తర్వాత చూస్తే పైన తెల్లటి పొర కట్టింది. కింద ముక్క పులవనే లేదు, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. రెండూ పారబోశాను. "పచ్చి కూరగాయ నీళ్లలో నానేస్తే కుళ్లక ఏమవుతుంది" అంటున్నారు మా అత్తయ్యగారు. దీనికి ప్రత్యేకమైన సీసాలు, సామాను కొనాలా? మన ఎండల్లో ఇది అసలు అయ్యే పనేనా? తింటే ప్రమాదమేమైనా ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆ నువ్వులనూనె దగ్గరే ఆగింది. రెండుసార్లూ మీరు శ్రద్ధగానే చేశారు. కానీ మీ చేతికున్న అలవాటు ఆవకాయది, మీరు పెట్టింది ఆవకాయ కాదు. మన తెలుగులోనే ఈ రెండు పనులకూ రెండు మాటలున్నాయి. ఆవకాయ ఊరుతుంది, ఇడ్లీ పిండి పులుస్తుంది. ఆవకాయ పులిసిందని ఎవరైనా అన్నారంటే జాడీ పాడైందనే అర్థం. మీరు జర్మనీలో తిన్నది ఊరిన క్యాబేజీ కాదు, పులిసిన క్యాబేజీ. అక్కడివాళ్లు దాన్ని సావర్‌క్రౌట్ అంటారు, ఆ మాటకు అర్థమే పుల్ల క్యాబేజీ.

ఆవకాయ పెట్టేటప్పుడు ఏం చేస్తాం? కాయ కడిగి, పొడిబట్టతో తుడిచి, ముక్క కొట్టించి, జీడి తీసి, పొర గీకి, ఉప్పూ కారం ఆవపిండీ దండిగా పట్టించి, మునిగేదాకా నూనె పోస్తాం. పులుపు మామిడికాయ తనతోనే తెచ్చుకుంటుంది. అంత ఉప్పు, అంత పులుపు, ఆపైన నూనె. ఇందులో ఏ సూక్ష్మజీవీ తలెత్తకూడదనే ఆ ఏర్పాటంతా. జాడీలో తడి చెయ్యి పెడితే పెద్దవాళ్లు కేకలేసేది అందుకే. ఆ నీటిచుక్క పడ్డచోట ఉప్పు పలచబడితే బూజు అక్కడే అందుకుంటుంది.

క్యాబేజీకీ ముల్లంగికీ సొంత పులుపు లేదు. దాన్ని తయారుచేసేవాళ్లు కావాలి. వాళ్లు ఆ ఆకుల మీదే, ఆ దుంప తొక్క మీదే ఉన్నారు: కూరగాయలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా. మొదటి రెండు మూడు రోజులు పని ఎత్తుకునేది లూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్ అనేది. మీరు రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండిని తెల్లారేసరికి పొంగించే వాటిలో ముఖ్యమైనదీ ఇదే. అది కాస్త పులుపు పెంచి, బుడగలు రేపి, తానే ఆ పులుపుకి తట్టుకోలేక తగ్గిపోతుంది. అప్పుడు ఇంకా పుల్లటి చోట బతకగలిగిన లాక్టోబాసిల్లస్ ప్లాంటారం వంటివి మిగతా పని పూర్తి చేస్తాయి. ఇవి కొంత ఉప్పుకి ఓర్చుకుంటాయి, గాలి లేకపోయినా వీటికి ఇబ్బంది లేదు. కూరగాయను కుళ్లబెట్టేవి చాలావరకు ఆ ఉప్పుకి ఓర్చుకోలేవు, బూజు గాలి లేకుండా బతకలేదు. మనం చేయాల్సిందల్లా ఉప్పు సరిగ్గా కొలిచి వేయడం, ముక్కను ఉప్పునీటి కింద ముంచి ఉంచడం. ఆవకాయ దగ్గర మనం నీటికి భయపడతాం. ఇక్కడ భయపడాల్సింది గాలికి.

మీ అత్తయ్యగారిని ఒక సంగతి అడగండి. చల్ల మిరపకాయలు ఎలా పెట్టేవారు? పచ్చిమిరపకాయకి గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రెండు మూడు రోజులు నానేసి, పగలు ఎండలో పోసి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేసి, మజ్జిగంతా కాయ పీల్చుకునేదాకా తిప్పేవారు. పచ్చి కూరగాయను ఉప్పు వేసిన పుల్లనీళ్లలో నానేసినా అది కుళ్లలేదు. ఆవిడ చేత్తో ఎన్నోసార్లు చేసి ఉంటారు. తరవాణి సంగతీ అంతే. గంజిలో రోజూ అన్నం, ఉప్పు వేసి పులియబెట్టుకుని తాగిన ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఈ విద్య మనకు పరాయిది కాదు. క్యాబేజీకి వాడే అలవాటు లేదు, అంతే.

ఇప్పుడు మీ రెండు జాడీల సంగతి. మొదటిదాంట్లో ఉప్పు తక్కువైంది. పైగా రోహిణి కార్తె. ఇంట్లోనే 36, 37 డిగ్రీలు ఉండే రోజుల్లో ఉప్పు తగ్గితే మంచి బ్యాక్టీరియా కంటే ముందు కుళ్లబెట్టేవే పుంజుకుంటాయి. నూనె పోయడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. ఆవకాయ ముక్కకి ఉప్పు ముందే పట్టి ఉంటుంది. మీ క్యాబేజీలో పైకి తేలిన ముక్కలు ఉప్పునీటిలో కాక నూనెలో ఉండిపోయాయి. అక్కడ గాలి లేదు నిజమే, కానీ ఉప్పూ అందలేదు, పులుపూ రాలేదు. గాలి లేకపోవడం ఒక్కటే ఎప్పుడూ రక్ష కాదు. ఉప్పు లేని, పులుపు లేని, గాలి ఆడని తేమలోనే, నరాలను చచ్చుబరిచే బాట్యులిజం విషాన్ని పుట్టించే క్లాస్ట్రిడియం అనే క్రిమి పెరుగుతుంది. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట రోజుల తరబడి ఉంచకూడదనేది కూడా ఇందుకే. మీరు పారబోయడం నూటికి నూరుపాళ్లు మంచి పని.

రెండోదాంట్లో భయపడి ఉప్పు దట్టించారు. ఉప్పు మరీ ఎక్కువైతే మనకు కావలసిన బ్యాక్టీరియా కూడా నీరసపడతాయి, పులుపు రాదు. ఇక పెరుగు. తోడు వెయ్యకుండా ఏదైనా పులుస్తుందా అని మనకు సహజంగా అనిపిస్తుంది, కానీ కూరగాయ తన తోడు తనే తెచ్చుకుంటుంది. పెరుగులోని బ్యాక్టీరియా పాలకు అలవాటుపడినవి, ఆ ఉప్పులో వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పైన కట్టిన తెల్ల పొర మాత్రం గాలి తగలడం వల్ల వచ్చింది, దాని గురించి కింద చెబుతాను.

ఉప్పు కొలత దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే మన వంటింట్లో మనం మానుకోలేని అలవాటు చేతి వాటం. కూరలో అది వరం. ఇక్కడ కాదు. తరిగిన క్యాబేజీ కిలోకి 25 గ్రాముల ఉప్పు, అంటే వందకి రెండున్నర. చలికాలంలో 20 గ్రాములకు తగ్గించవచ్చు, అంతకంటే కిందకి వద్దు. వేసవిలో 30 వేయండి. చిన్న కాటా ఉంటే మంచిదే, లేకపోతే కొనమని చెప్పను. ఇంట్లో దగ్గుమందు సీసా మీద వచ్చే చిన్న ప్లాస్టిక్ కొలత మూత ఉంటుంది కదా, దానిమీద 5 మి.లీ. గీత ఉంటుంది. బాగా కడిగి ఆరబెట్టి, ఆ గీత వరకు సన్న ఉప్పు చదునుగా పోస్తే సుమారు 6 గ్రాములు. నాలుగు కొలతలు వేస్తే కిలో క్యాబేజీకి సరిపోతుంది. మన డబ్బాల్లో ఉండే చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజు, వాటిని నమ్మకండి. రాళ్ల ఉప్పయితే గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, అదే గీత వరకు పోసినా బరువు తక్కువ తూగుతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పొడి చేసుకుని కొలవండి.

ఏ ఉప్పు అని చాలామంది అడుగుతారు. నాకు చినగంజాం ఉప్పు, నౌపడా ఉప్పు మీద మమకారం ఉంది, దొరికితే అదే వాడతాను. అలాగని అయోడిన్ ఉప్పు పనికిరాదనే మాట నిజం కాదు. అందులో ఉండే అయోడిన్ పులవడాన్ని ఆపేంత కాదు. గడ్డకట్టకుండా కలిపే పొడివల్ల నీళ్లు కాస్త మసకబారతాయి, అంతే. కుళాయి నీళ్లయితే మాత్రం కాచి చల్లార్చి వాడండి. క్లోరిన్ పోతుంది.

ఇక సామాను. ప్రత్యేకమైన మూతల సీసాలు, గాజు బరువులు అమ్ముతున్నారు. కొనక్కర్లేదు. కాఫీపొడి సీసా, హార్లిక్స్ సీసా, వెడల్పు మూతి ఉన్న ఏ గాజు సీసా అయినా చాలు. పింగాణీ జాడీ కూడా బాగుంటుంది, కానీ లోపలి మెరుపు పొర పగుళ్లిచ్చిన పాత జాడీ వద్దు. ఆ పగుళ్లలోకి ఉప్పూ పులుపూ దిగుతాయి, ఎంత తోమినా శుభ్రపడదు. అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలు దగ్గరికి రానివ్వకండి. ముక్క కలపడానికి స్టీలు బేసిన్ చాలు. బరువుకి సీసా మూతిలో పట్టే చిన్న స్టీలు గిన్నో, లోటా గ్లాసో పెట్టి అందులో నీళ్లు నింపండి. క్యాబేజీ మధ్య కాడను సీసా ఎత్తుకి తగ్గట్టు కోసి, మూత కింద ఆనేలా నిలబెట్టినా ముక్కల్ని కిందికి తొక్కి పడుతుంది. నేనైతే ఒక నున్నటి గుండ్రాయిని నీళ్లలో పది నిమిషాలు మరిగించి వాడతాను. ఏళ్లుగా అదే రాయి.

చేసే విధానం చెప్తాను. క్యాబేజీ గట్టిగా, బరువుగా ఉన్నది తీసుకోండి. పై ఆకు ఒకటి చిరగకుండా తీసి పక్కన పెట్టండి. మిగతాది సన్నగా తరిగి, తూచి, ఉప్పు చల్లి, చేతులతో పది నిమిషాలు పిసకండి. చపాతీ పిండిని మర్దించినట్టు గట్టిగానే. మొదట ఏమీ జరగనట్టు ఉంటుంది, ఆరో నిమిషానికో ఏడో నిమిషానికో చేతివేళ్ల సందుల్లోంచి నీళ్లు కారడం మొదలవుతుంది. ఆ ఊటే మీకు కావలసింది. చెయ్యి నొప్పనిపిస్తే మధ్యలో ఒక అరగంట వదిలేయండి, ఉప్పే ఆ పని సగం చేస్తుంది. తర్వాత సీసాలో కొంచెం కొంచెం వేస్తూ పప్పుగుత్తి వెనకవైపుతో కూరండి, మధ్యలో గాలి మిగలకూడదు. సీసాలో మూడొంతులకు మించి నింపకండి. పైన ఆ పక్కన పెట్టిన ఆకు మడిచి మూతలా కప్పి, దానిమీద బరువు పెట్టండి. ఊట ముక్కల మీదికి ఒక వేలు మందం రావాలి. మర్నాటికి కూడా రాకపోతే పావులీటరు నీళ్లలో 6 గ్రాముల ఉప్పు, అంటే ఒక కొలత, కరిగించి పైన పోయండి. ఉత్త నీళ్లు పోయకండి, ఉప్పు పలచబడుతుంది.

జీలకర్ర, వాము, ఎండుమిర్చి, అల్లం ముక్క వేసుకోవచ్చు. నేను కచ్చాపచ్చాగా దంచిన ఆవాలు వేస్తాను. వెల్లుల్లి వేస్తే ఒక్కోసారి నీలంగా, ఆకుపచ్చగా మారుతుంది, కంగారుపడకండి, అది పులుపుకి వచ్చే రంగు.

మూత సంగతి జాగ్రత్త. వాసెన కడితే గాలి ధారాళంగా ఆడుతుంది, తెల్లపొర కట్టడం ఖాయం. మూత బిగిస్తే లోపల పుట్టే వాయువు పోయే దారి ఉండదు. ఒకసారి నేను ముల్లంగి సీసా మూత బిగించి ఊరెళ్లిపోయాను. వచ్చి తిప్పగానే నీళ్లు ముఖం మీదుగా గోడదాకా ఎగజిమ్మాయి. సీసా పగిలి ఉంటే ఏమయ్యేదోనని ఆ తర్వాత చాలాసేపు కాళ్లు వణికాయి. మూత పెట్టి, సగం మర వదులుగా ఉంచండి. సీసా కింద పళ్లెం పెట్టండి, రెండో రోజు నీళ్లు పొంగి కారతాయి. రోజుకొకసారి మూత తీసి, శుభ్రమైన చెంచాతో ముక్కల్ని కిందికి నొక్కి, బుడగలు పైకి రానిచ్చి మళ్లీ పెట్టేయండి. మొదటి రెండు రోజులు క్యాబేజీ నుంచి ఘాటైన వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ వాసనకే సీసా బయటికి పోతుంది.

సన్నగా తరగని ముక్కలకి, అంటే క్యారెట్, ముల్లంగి, దొండకాయ, కాలీఫ్లవర్, కీర, పచ్చిమిర్చి వంటివాటికి, పిసికితే ఊట రాదు. వాటికి ఉప్పునీళ్లు పోయాలి. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు: నీళ్లకి మాత్రమే ఉప్పు లెక్క కడతారు. ముక్కలోనూ నీరే కదా ఉన్నది, ఆ ఉప్పులో సగం అది లాక్కుంటుంది. ముక్కలూ నీళ్లూ కలిపి తూచి, ఆ మొత్తానికి వందకి మూడు చొప్పున వేయండి. అరకిలో ముక్కలు, అరలీటరు నీళ్లయితే 30 గ్రాములు, అంటే మన మందుమూత కొలతతో ఐదు. దొండకాయని నిలువునా నాలుగు చీలికలు చేస్తే కరకరలాడుతూ బాగా పులుస్తుంది. పెరుగన్నంలోకి దాన్ని మించింది నాకు కనిపించలేదు. బీట్‌రూట్‌లో చక్కెర ఎక్కువ, దాన్ని ఒక్కదాన్నే వేస్తే పొర తొందరగా కడుతుంది, క్యారెట్‌తో కలిపి కొంచెమే వేయండి. బీన్స్, చిక్కుడు పచ్చిగా వద్దు, ఉడికించి తినాల్సినవి ఉడికించే తినాలి.

ఇవన్నీ పెట్టే ముందు కొంచెం ధైర్యం కావాలంటే కాంజీతో మొదలుపెట్టండి. ఉత్తరాది ఇళ్లలో శీతాకాలం చివర, హోలీ రోజుల్లో చేసుకునే పానీయం. వాళ్లు నల్ల క్యారెట్ వాడతారు. మనకు దొరక్కపోతే పావుకిలో క్యారెట్, ఒక చిన్న బీట్‌రూట్ నిలువు ముక్కలు, లీటరు నీళ్లు, నాలుగు కొలతల ఉప్పు, రెండు చెంచాల ఆవపొడి. సీసాలో పోసి రోజుకోసారి శుభ్రమైన చెంచాతో కలుపుతూ నాలుగైదు రోజులు ఉంచితే ముదురు ఎర్రగా, పుల్లగా, ఆవఘాటుతో తయారవుతుంది. ఆవపెట్టిన అరటికాయ కూర ఇష్టమైన ఇంట్లో ఇది నచ్చకపోవడం ఉండదు.

మీ అసలు సందేహం ఎండల గురించి. సావర్‌క్రౌట్ చేసే విధానాల్లో మూడు వారాలు, ఆరు వారాలు అని ఉంటుంది. అవి 18 నుంచి 22 డిగ్రీల చలిగదుల లెక్కలు. కొరియాలో చలికాలం మొదలయ్యే ముందు ఇరుగుపొరుగు కలిసి ఏడాదికి సరిపడా కిమ్చీ, అంటే కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ, పెట్టుకుంటారు. కిమ్‌జాంగ్ అంటారు దాన్ని, మన ఆవకాయ రోజుల్లాంటిదే. 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాడీలను పూర్వం భూమిలో పాతిపెట్టేవారు, చల్లగా ఉండేందుకు. వాళ్ల వారాల్ని మన ఊళ్లకి తెచ్చుకుంటే ముక్క మెత్తబడి పాడవుతుంది. మన దగ్గర కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, ఇంట్లో 25 డిగ్రీల చుట్టూ ఉన్నప్పుడు, ఆరేడు రోజులు చాలు. క్యాబేజీ, ముల్లంగి, కాలీఫ్లవర్ లేతగా, చవగ్గా దొరికేదీ అప్పుడే. మీరు కార్తీకం దాకా ఆగి, ఆ రోజుల్లో పెట్టండి. చేయి తిరిగాక వేసవి సంగతి చూడవచ్చు.

వేసవిలో పెట్టక తప్పదంటే ఉప్పు మూడుకి పెంచి, సీసాని ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల, నేల మీద, నీళ్లు పోసిన బేసిన్‌లో నిలబెట్టండి. చుట్టూ తడిగుడ్డ చుట్టి దాని కొస నీళ్లలో పడేలా వదిలితే, కూజా నీళ్లను చల్లబరిచినట్టే సీసానీ రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది. వడగాలి వీచే పొడి రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోత రోజుల్లో అంతగా చెయ్యదు. రెండు మూడు రోజుల్లోనే బుడగలు, పులుపు వచ్చేస్తాయి. పులుపు తెలిశాకే ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ నెమ్మదిగా, ముక్క గట్టిగా ఉండగానే మిగతా పులుపు ఎక్కుతుంది.

ఇక ఏది పాడైనట్టు, ఏది కానట్టు. నీళ్లు మసకబారడం, అడుగున తెల్లటి గసి దిగడం, ముక్క రంగు తగ్గడం, ఇవన్నీ మామూలే. ఉప్పునీటి మీద పలుచగా, చదునుగా, ముడతలు పడుతూ కట్టే తెల్లపొర ఒకరకం యీస్టు. మీ రెండో జాడీలోది అదే అయ్యుంటుంది. హానికరం కాదు కానీ వదిలేస్తే పులుపును తినేసి, రుచి చెడగొట్టి, బూజుకి దారి వేస్తుంది. చెంచాతో తీసేసి, సీసా అంచులు శుభ్రమైన బట్టతో తుడిచి, ముక్కల్ని మళ్లీ ముంచేయండి. బూజు అలా ఉండదు. నూగులా, దూదిలా పైకి లేచి, ఆకుపచ్చగానో నల్లగానో ఉంటుంది. అది కనిపిస్తే మొత్తం పారబోయండి, పైది తీసి కిందిది వాడే లెక్క పెట్టుకోకండి. ముక్కలు గులాబీరంగు తిరిగినా, జిగట పట్టినా, మురుగు వాసన వచ్చినా అంతే. అనుమానం వచ్చినప్పుడు రుచి చూసి తేల్చుకునే పని మాత్రం చెయ్యకండి.

సరిగ్గా పులిసిన కూరగాయ భద్రమైన తిండి. దానికి గుర్తు పీహెచ్, అంటే పులుపును చూపే అంకె. అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని. 4.6 కంటే కిందికి దిగితే బాట్యులిజం క్రిమి పెరగదు. బాగా పులిసిన క్యాబేజీ 3.5 చుట్టూ ఉంటుంది, అంటే చాలా పుల్లన. మొదటి రెండు మూడు సీసాలకు మనసు నెమ్మదించాలంటే ల్యాబు సామాను దుకాణంలో పీహెచ్ కాగితం పట్టీలు దొరుకుతాయి, ముంచి రంగు చూసుకోండి. తర్వాత మీ ముక్కే చెబుతుంది. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం పచ్చిగా పులిసినవి డాక్టరును అడగకుండా తినకూడదు. గర్భిణులూ అడిగి తినడమే మంచిది. కొందరికి పులిసిన పదార్థాల వల్ల తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్లని బలవంతపెట్టకండి.

మీవారి బీపీ గురించి. ఉప్పు తగ్గించాల్సింది సీసాలో కాదు, కంచంలో. వందకి రెండున్నర ఉప్పుతో చేసిన క్యాబేజీ 30 గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు తింటే లోపలికి వెళ్లేది ముప్పావు గ్రాము ఉప్పు. పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాములలోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 5లో ఈ ముప్పావు కూడా కలిపి లెక్క చూసుకోవాలి. కాబట్టి ఆ పూట ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయ పక్కన పెట్టేస్తే సరి. పెరుగన్నంలోనూ ఉప్పు వెయ్యక్కర్లేదు, ముక్కలోదే సరిపోతుంది. తినే ముందు ఒకసారి నీళ్లలో జాడించి పిండితే పైఉప్పు ఇంకా తగ్గుతుంది, పులుపూ కాస్త పోతుంది. కిడ్నీ సమస్య గానీ, గట్టి ఉప్పు పథ్యం గానీ ఉంటే డాక్టరు చెప్పిందే వినండి.

వేడివేడి అన్నంలో కలిపినా, తాలింపు వేసినా రుచి బాగానే ఉంటుంది, కానీ ఆ బ్యాక్టీరియా వేడికి చచ్చిపోతాయి. వాటి కోసమే తినదలిస్తే చల్లగా, అన్నం పక్కన పెట్టుకుని తినండి. ఫ్రిజ్‌లో రెండు నెలలు నిలవ ఉంటుంది, ముక్క ఎప్పుడూ నీటి కిందే ఉండాలి. మిగిలిన ఉప్పునీళ్లు పారబోయకండి. పప్పుచారు దించాక చింతపండు తగ్గించి ఒక గరిటెడు పోయండి, ఉప్పు చూసుకుని.

ఇంట్లోవాళ్లకు ఎలా అలవాటు చేయాలని మీరు అడగలేదు కానీ, మీ అత్తయ్యగారి మాట చూశాక చెప్పాలనిపించింది. 1768లో ఎండెవర్ ఓడలో బయలుదేరిన కెప్టెన్ జేమ్స్ కుక్, నావికులకు స్కర్వీ (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) రాకూడదని పీపాలకొద్దీ సావర్‌క్రౌట్ తీసుకెళ్లాడు. నావికులు మొదట ముట్టలేదు. ఆయన బలవంతం చెయ్యలేదు. అధికారుల బల్ల మీద రోజూ అది వడ్డించమని, మిగతావాళ్లు తింటారో మానతారో వాళ్ల ఇష్టానికే వదిలేయమని చెప్పాడు. పెద్దవాళ్లు మెచ్చుకుని తినడం చూసి వారం తిరక్కుండానే అందరూ అడగడం మొదలుపెట్టారు, చివరికి మనిషికింత అని పంచాల్సి వచ్చింది. మీరూ మీవారూ భోజనాల బల్ల దగ్గర తింటూ ఉండండి, ఆవిడ కంచంలో మాత్రం వెయ్యకండి. అంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది: దొండకాయ సీసాకి ఉప్పునీళ్లు పోసే రోజున ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, చల్ల మిరపకాయల మజ్జిగ ఎన్ని రోజులకి ఎంత పులవాలో అడగండి. ఆ ముక్కు మీకంటే, నాకంటే బాగా పనిచేస్తుంది. సీసా మూడో రోజున మూత తీసినప్పుడు వాసన చూసి ఇంకా ఎన్నాళ్లు ఉంచాలో ఆవిడనే చెప్పనివ్వండి.